స్త్రీలు, బాలికలపై హింసను నివారించే కార్యక్రమానికి వచ్చిన గ్రాంటును ఎలా నడపాలి

"లబ్ధిదారుల పేర్లు, ఫోన్ నంబర్లు, సంతకాలతో జాబితా పంపమని దాత సంస్థ అడుగుతోంది. ఇవ్వాలా, వద్దా?" ఈ ప్రశ్న పదేపదే వస్తోంది. దాని వెనకే మరో రెండు వస్తాయి. "ఏడాదిలో హింస ఎంత తగ్గిందో అంకె చెప్పమంటున్నారు, ఏం రాయాలి?" "కాలం గడిచిపోతోంది, డబ్బు మాత్రం ఖర్చు కావడం లేదు, ఏం చేయాలి?" మూడింటికీ జవాబు ఒప్పందంలోనే, దాని మీద సంతకం పెట్టేటప్పుడే మొదలవుతుంది. అందుకే మొదటి నుంచి వరుసగా చెబుతున్నాను. గ్రాంటు అందుకున్న చిన్న, మధ్యతరహా సంస్థల్లో ప్రోగ్రాం చూసేవారికీ, లెక్కలు చూసేవారికీ ఇది ఉద్దేశించింది. ఇద్దరూ కలిసి చదివితే మరీ మంచిది.

ఒక్క మాట ముందే చెప్పాలి. రోడ్డు వేసే ప్రాజెక్టులో ఓచరు ఎవరి చేతిలో పడ్డా ఎవరికీ దెబ్బ తగలదు. ఇక్కడ అలా కాదు. ఒక హాజరు పట్టీయో, ప్రయాణపు రసీదో, ఫొటోనో తప్పు మనిషి కంట పడితే ఒక స్త్రీ ఆ రాత్రే దెబ్బలు తినాల్సి రావచ్చు. కాబట్టి మీ సంస్థలో పుట్టే ప్రతి కాగితాన్నీ రెండుసార్లు చూడండి: ఆడిటరు కళ్లతో ఒకసారి, ఆమెను కొట్టే మనిషి కళ్లతో ఒకసారి. మొదటి చూపు అందరికీ అలవాటే. రెండోదాన్ని పనిగట్టుకుని నేర్చుకోవాలి.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- సంతకాలైన ఒప్పందం, దాని అనుబంధాలన్నీ. ఆమోదం పొందిన చివరి బడ్జెట్ ఏదో దానిపై తేదీతో రాసి ఉండాలి. ఒకే బడ్జెట్ నాలుగు రూపాల్లో నలుగురి కంప్యూటర్లలో తిరుగుతుంటే ఆడిట్ నాటికి చిక్కే.
- ఈ గ్రాంటుకు విడిగా బ్యాంకు ఖాతా. అది కుదరకపోతే అకౌంట్స్‌లో విడి కోడ్ అయినా ఉండాలి.
- మహిళల భద్రత విషయంలో చివరి మాట చెప్పే ఒక వ్యక్తి. ఈ బాధ్యత డైరెక్టరుకు ఇవ్వకండి. డైరెక్టరు మీదే ఫిర్యాదు వస్తే వినేవారు ఉండాలి.
- తాళం పడే బీరువా, పాస్‌వర్డ్ ఉన్న కంప్యూటర్. తాళంచెవి ఎవరెవరి దగ్గర ఉంటుందో కాగితం మీద రాసుకోండి.
- సిబ్బంది ప్రవర్తనా నియమావళి, ఫిర్యాదు చేసే దారి. రెండూ చదవడం రాని మహిళకు కూడా అర్థమయ్యే రూపంలో ఉండాలి.
- నివేదికల తేదీల క్యాలెండర్.

1. ఒప్పందాన్ని పెన్ను పట్టుకుని చదవండి

ఈ విషయాలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టండి: ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు పెట్టిన ఖర్చు చెల్లుతుంది, ఒక పద్దు నుంచి మరో పద్దుకు అనుమతి లేకుండా ఎంత మార్చవచ్చు, మిగిలిన డబ్బు తిరిగి ఇవ్వాలా, పత్రాలు ఎన్నేళ్లు దాచాలి, విదేశీ కరెన్సీలో వచ్చే డబ్బయితే మారకపు తేడా నష్టం ఎవరిది.

ఇవి ఏ గ్రాంటులోనైనా ఉండేవే. మనకు ప్రత్యేకంగా మరో మూడు షరతులు ముఖ్యం. మొదటిది, సమాచారాన్ని పంచుకునే షరతు. "ప్రాజెక్టులో సేకరించిన సమాచారమంతా దాత సంస్థకు చెందుతుంది" అన్న వాక్యం చాలా ఒప్పందాల్లో మూసపోసినట్టు వస్తుంది. దానికి "వ్యక్తులను గుర్తించగల సమాచారం మినహా" అని చేర్పించండి. రెండోది, ప్రచారపు షరతు. దాత లోగో ఉన్న బోర్డు, ఫొటోలు, విజయగాథలు అడుగుతారు. ఆశ్రయ గృహం ముందు బోర్డు పెడితే ఆ ఇంటి చిరునామాను అందరికీ చాటినట్టే. ఆ చోటుకు మినహాయింపు కావాలని లేఖ రాసి, జవాబు కూడా లిఖితపూర్వకంగానే తీసుకోండి. మూడోది, ఆడిట్ షరతు. దీని గురించి 5వ దశలో వివరంగా చెబుతాను.

సంతకం అయిపోయాక ఇవి అడగడం కష్టం. సంతకానికి ముందు అడిగితే, నా అనుభవంలో, చాలా దాత సంస్థలు ఒప్పుకుంటాయి. అడిగేవారు తక్కువ, అంతే.

2. బడ్జెట్‌లో లేని పద్దులను చేర్పించండి

శిక్షణలు, సదస్సులు, పోస్టర్లు అందరి బడ్జెట్‌లోనూ ఉంటాయి. తరచూ మరిచిపోయేవి ఇవి:

- అత్యవసర సాయం: ప్రయాణం, వైద్యం, ఒకటి రెండు రాత్రుల బస. "మాది నివారణ కార్యక్రమం, బాధితులకు సేవలు మా పరిధిలో లేవు" అని దీన్ని వదిలేస్తారు. మీరు హింస గురించి మాట్లాడటం మొదలుపెట్టిన వారంలోనే ఎవరో ఒకరు వచ్చి తన సంగతి చెప్పుకుంటారు. ఆ రోజు చేతిలో డబ్బు లేదంటే కుదరదు.
- సమావేశానికి వచ్చే తల్లుల పిల్లలను చూసుకునే మనిషి ఖర్చు, వికలాంగ మహిళలు రావడానికయ్యే ఖర్చు.
- సిబ్బందికి కౌన్సెలింగ్, క్రమం తప్పని పర్యవేక్షణ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించిన అంచనా ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు స్త్రీలలో సుమారు ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు భాగస్వామి చేతిలో శారీరక లేదా లైంగిక హింసను గానీ, ఇతరుల చేతిలో లైంగిక హింసను గానీ ఎదుర్కొన్నారు. మీ ఫీల్డ్ వర్కర్లు కూడా ఆ స్త్రీలలోని వారే. ఇతరుల బాధ వింటూ వాళ్లు తమ గాయాన్నీ మోస్తుంటారు.
- మొదటి మూడు నాలుగు నెలల సన్నాహక కాలం. పాఠాలను స్థానిక భాషలోకి, స్థానిక పరిస్థితికి మార్చుకోవడం, నడిపేవారికి శిక్షణ ఇవ్వడం ఆ కాలంలోనే జరగాలి.

సన్నాహక కాలాన్ని కోసేయమని ఒత్తిడి వస్తుంది. ఒప్పుకోకండి. ర్వాండాలో 2014–2018 మధ్య నడిచిన ఇందాషికిర్వా కార్యక్రమంలో దంపతులకు నడిపిన తరగతులు హింసను బాగా తగ్గించాయి. అదే కార్యక్రమంలో సమాజమంతటినీ కదిలించే భాగం మాత్రం ఉన్న వ్యవధిలో ఊరి స్థాయిలో ఆ ఫలితం చూపలేకపోయింది. ఆ భాగాన్ని స్థానికంగా మలుచుకోవడానికే చాలా కాలం పట్టింది. సమాజం మారాలంటే ఏళ్లు కావాలి, మీ బడ్జెట్ ఆ నిజాన్ని ఒప్పుకోవాలి.

ప్రత్యామ్నాయం: గ్రాంటు ఒక్క ఏడాదికే వస్తే ఊరంతా మార్చే లక్ష్యం పెట్టుకోకండి. ఒక చిన్న బృందంతో పూర్తిస్థాయి పాఠ్యక్రమం నడపండి. పది చోట్ల ఒక్కో సదస్సు పెట్టడం కంటే ఒకే చోట నిలకడగా నడిపించడం మేలు.

3. సాయం దొరికే చోట్లను ముందే చూసి రండి

ఒక్క సమావేశం కూడా పెట్టకముందే ఈ పని పూర్తవ్వాలి. ఆసుపత్రి, పోలీసు, న్యాయ సహాయం, ఆశ్రయం, కౌన్సెలింగ్: వీటి జాబితాను ఇంటర్నెట్‌లో చూసి తయారు చేసి ఫైలులో పెట్టడం అందరూ చేసే పొరపాటు. స్వయంగా వెళ్లండి. రాత్రి పదకొండుకు ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారు? రుసుము ఉందా? పిల్లలతో వస్తే చేర్చుకుంటారా? పెళ్లికాని అమ్మాయిని అడిగే ప్రశ్నలేమిటి? చక్రాల కుర్చీ లోపలికి వెళ్తుందా? విషయం పోలీసులకు చెప్పి తీరాలన్న నియమం వాళ్లకుందా? ఉంటే ఆ సంగతి మహిళకు ముందే చెప్పాలి. అక్కడికి వెళ్లాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం.

మూడు నెలలకోసారి ప్రతి నంబరుకూ ఫోన్ చేసి సరిచూడండి. పనిచేయని నంబరును జాబితాలో ఉంచడం కంటే కొట్టేయడమే నయం.

4. తగ్గుతుందని మాట ఇవ్వకండి, మారేదాన్ని కొలవండి

"ఏడాదిలో నమోదైన కేసులు 30% తగ్గుతాయి." ప్రతిపాదనలో ఇలాంటి వాక్యం రాసి తర్వాత బాధపడేవారు ఎందరో. కార్యక్రమం బాగా నడిస్తే మొదట ఫిర్యాదులు పెరుగుతాయి. ఇన్నాళ్లూ నోరు విప్పనివాళ్లు నమ్మకం కుదిరి మాట్లాడతారు. అప్పుడు మీ విజయమే మీ నివేదికలో వైఫల్యంగా కనిపిస్తుంది. అంతకన్నా ప్రమాదం ఏమిటంటే, లక్ష్యం చేరాలన్న ఒత్తిడిలో ఎవరో ఒక ఫీల్డ్ వర్కర్ "కేసు పెట్టకమ్మా, సర్దుకుపో" అనవచ్చు.

హింస నిజంగా తగ్గిందని చూపడం పెద్ద పరిశోధన. ఉగాండా రాజధాని కంపాలాలో సాసా అనే కార్యక్రమాన్ని ఎనిమిది ప్రాంతాల్లో పరిశీలించారు. నాలుగింటిలో కార్యక్రమం నడిపి, నాలుగింటితో పోల్చారు. కార్యక్రమం దాదాపు మూడేళ్లు సాగాక, అది నడిచిన చోట గత ఏడాదిలో భాగస్వామి చేతిలో శారీరక హింస 52% తక్కువగా కనిపించింది. ప్రాంతాలు కొన్నే కావడంతో ఆ అంచనాలో ఊగిసలాట కూడా ఎక్కువేనని పరిశోధకులు చూపించారు. అంత సిబ్బంది, అంత కాలం పెట్టినా ఇదీ పరిస్థితి. చిన్న గ్రాంటుతో ఇలాంటి అంకెకు మాట ఇవ్వడం సరికాదు.

వీటిని కొలవండి:

- మొదటి సమావేశానికి వచ్చినవారిలో చివరిదాకా ఎంతమంది నిలిచారు.
- "భార్య తప్పు చేస్తే కొట్టవచ్చు" వంటి మాటలతో ఏకీభవించేవారు మొదట్లో ఎంతమంది, చివర్లో ఎంతమంది. ఈ ప్రశ్నలకు మర్యాద కోసం మంచి జవాబు చెప్పేవారు ఉంటారు కాబట్టి దీన్ని ఒంటరిగా నమ్మకండి.
- సాయం కోరిన మహిళల్లో తాము కోరుకున్న సాయమే అందిందని చెప్పినవారు ఎంతమంది.
- సమావేశం నడిపే తీరు. పర్యవేక్షకురాలు నెలకోసారి కూర్చుని చూసి, ముందే తయారు చేసుకున్న ప్రశ్నావళి ప్రకారం మార్కులు వేయాలి.

హెచ్చరిక: "మీ భర్త మిమ్మల్ని కొడతాడా?" అంటూ ఇంటింటి సర్వేకు మీ వాలంటీర్లను పంపకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లోనే దీనికి భద్రతా సూత్రాలు ఇచ్చింది. సర్వే చేసేవారికి ప్రత్యేక శిక్షణ ఉండాలి. ఎవరూ వినని చోట మాత్రమే అడగాలి. ఒక ఇంట్లో ఒక్క స్త్రీనే అడగాలి. సర్వే హింస గురించి అని ఊర్లో చాటకూడదు. ఎవరైనా వచ్చి కూర్చుంటే వెంటనే మాట మార్చాలి. సాయం కోరినవారిని పంపడానికి చోటు సిద్ధంగా ఉండాలి. ఇవి మీ వల్ల కాకపోతే ఆ సర్వే వద్దని దాత సంస్థకు చెప్పండి. చెప్పే హక్కు మీకుంది.

5. పేర్లు, సంతకాలు, ఓచర్లు

ఇక మొదటి ప్రశ్న. పేర్ల జాబితా ఇవ్వవద్దు. అలాగని "ఇవ్వం" అని ఒక్క మాటలో తేల్చేయకండి. డబ్బు నిజంగా ఖర్చయిందని తెలుసుకోవాల్సిన అవసరం దాత సంస్థకు ఉంది, ఆ అవసరం న్యాయమైనదే. కాబట్టి మరో రుజువు చూపించండి. ఇలా రాయవచ్చు:

"పాల్గొన్నవారి పేర్లు, ఫోన్ నంబర్లు బయటికి పంపడం వారి ప్రాణభద్రతకు ముప్పు. వాటి బదులు మొత్తం సంఖ్య, వయసు వర్గాలు, సమావేశాల తేదీలు, నడిపినవారి, పర్యవేక్షకురాలి సంతకాలు పంపుతున్నాం. మూలపత్రాల నమూనాను మీ ప్రతినిధి మా కార్యాలయంలో, మా సమక్షంలో చూడవచ్చు. కాపీ గానీ ఫొటో గానీ తీసుకోవడానికి వీలుండదు."

హాజరు పట్టీ పైన "హింస బాధితుల సమావేశం" అని రాయకండి. నివారణ సమావేశానికి వచ్చినంత మాత్రాన ఆమె హింసకు గురైందని అర్థం కాదు, కానీ ఆ శీర్షిక చూసినవాళ్లు అలాగే అనుకుంటారు. సమావేశాన్ని ఏ పేరుతో పిలిస్తే ఇంట్లో ఇబ్బంది ఉండదో వచ్చే మహిళలనే అడగండి. సంతకం పెట్టడానికి జంకేచోట నడిపే వ్యక్తి తలలు లెక్కపెట్టి రాయడం, రెండో వ్యక్తి దాన్ని సరిచూసి సంతకం చేయడం చాలు. ఈ పద్ధతిని దాత సంస్థతో ముందే ఒప్పించుకోండి.

అత్యవసర సాయం ఓచరు ఇలా ఉంటే సరిపోతుంది:

ఓచరు నంబరు: 17
తేదీ: ......
కోడ్: 2-041
దేనికి: ప్రయాణం, ఒక రాత్రి బస
మొత్తం: ......
ఇచ్చినవారు: ...... (సంతకం)
ఆమోదించినవారు: ...... (సంతకం)
అసలు రసీదులు: కవరు 17, తాళం బీరువా

కోడ్‌లో ఆమె పేరులోని అక్షరాలు, ఊరి పేరు, పుట్టిన సంవత్సరం ఉండకూడదు. వట్టి వరస సంఖ్య చాలు. ఏ కోడ్ ఎవరిదో తెలిపే పట్టిక ఒక్కటే కాపీ ఉండాలి, అదీ అకౌంట్స్ గదిలో కాక వేరే చోట. అకౌంటెంటుకు ఆమె పేరు తెలియాల్సిన పనిలేదు. ఆసుపత్రి రసీదు మీద పేరు ఉంటుంది కాబట్టి దాన్ని కవరులో మూసి ఉంచాలి.

ఆడిటరుతో పని ఒప్పుకునేటప్పుడే ఇదంతా మాట్లాడుకోండి. ఆయన గోప్యత పత్రం మీద సంతకం చేయాలి, మూసిన కవర్లలో కొన్నింటినే ఎంచుకుని మీ ఎదుటే తెరిచి చూడాలి, ఆడిట్ నివేదికలో పేర్లు రాయకూడదు. ఆడిట్ మధ్యలో ఈ సంగతి చెబితే మీరేదో దాస్తున్నారని ఆయనకు అనిపించడం సహజం.

ఇంకో మూడు చోట్ల రహస్యం కారిపోతుంది. ఒకటి, వాట్సాప్. సమావేశం జరిగిందనడానికి రుజువుగా ఫీల్డ్ సిబ్బంది ఫొటోలు గ్రూపులో పెడతారు. ఈరోజే ఆపించండి. ముఖాలు లేకుండా గోడమీద అంటించిన చార్టు ఫొటో చాలు. రెండు, చిన్న సంఖ్యలు. "ఫలానా ఊరు: సాయం పొందినవారు 1" అని రాస్తే ఆ ఊళ్లో అందరికీ ఆమె ఎవరో తెలిసిపోతుంది. ఐదుకు లోపు ఉన్న సంఖ్యలను ఊరివారీగా చూపకుండా పెద్ద ప్రాంతంలో కలిపి చూపండి. మూడు, విజయగాథ. పేరు మార్చినా, "ముగ్గురు ఆడపిల్లల తల్లి, టైలరింగ్ చేస్తుంది, భర్త డ్రైవరు" అంటే అంతా చెప్పినట్టే. దాత ప్రతినిధి ఎదురుగా కూర్చుని ఉండగా ఆమె "సరే" అంటే ఆ సరే లెక్కలోకి రాదు. ఆయన వెళ్లిపోయాక మళ్లీ అడగండి.

6. భాగస్వామి సంస్థలకు డబ్బు ఇచ్చేటప్పుడు

మీరు చిన్న మహిళా బృందాలకు గ్రాంటులో కొంత పంచుతుంటే, దాత మీమీద పెట్టిన షరతులన్నీ యథాతథంగా వాళ్లమీద పెట్టకండి. కొద్దిపాటి డబ్బుకు ముప్పై పేజీల ఒప్పందం ఎందుకు? భద్రత, లెక్క, ఫిర్యాదు, తేదీలు: నాలుగు పేజీల్లో అన్నీ చెప్పవచ్చు. ఖర్చు పెట్టాక తిరిగి ఇచ్చే పద్ధతి వాళ్లను అప్పులపాలు చేస్తుంది, అడ్వాన్సు ఇవ్వండి. ఓవర్‌హెడ్ (ఆఫీసు అద్దె, కరెంటు వంటి సాధారణ నిర్వహణ ఖర్చు) వాటా మీరు తీసుకుంటే వాళ్లకూ అందులో భాగం ఇవ్వాలి. మొదటి విడత చిన్నదిగా, రెండోది లెక్క వచ్చాక పెద్దదిగా ఇస్తే ఇద్దరికీ నిశ్చింత. పురుషులతో పనిచేసే కార్యక్రమం ఉంటే దాని డబ్బు మహిళా బృందాల పద్దులోంచి కోసి తేకూడదు.

7. నెలకోసారి ఇద్దరూ కూర్చోండి

ప్రోగ్రాం మేనేజరు, అకౌంటెంటు ఒకే బల్ల దగ్గర కూర్చుని బడ్జెట్‌నూ ఖర్చునూ పద్దులవారీగా చూడాలి. మొత్తం అంకె చూసి ఊరుకోకండి. ఒక ఉదాహరణ తీసుకుందాం. గ్రాంటు 12,00,000, కాలం 24 నెలలు. 9 నెలలు గడిచాయి, అంటే కాలంలో 37.5% అయిపోయింది. ఖర్చు 2,64,000, అంటే 22%. "కొంచెం వెనకబడ్డాం" అనిపిస్తుంది. పద్దులుగా విడదీస్తే:

- జీతాలు: 5,40,000లో 2,05,200 (38%)
- గ్రూపు సమావేశాలు: 3,60,000లో 32,400 (9%)
- మిగతావి: 3,00,000లో 26,400 (8.8%)

ఇప్పుడు కథ వేరే. మనుషులున్నారు, జీతాలు వెళ్తున్నాయి, సమావేశాలు మాత్రం జరగడం లేదు. ఎందుకని? నడిపేవారికి శిక్షణ పూర్తికాలేదా, సమావేశం పెట్టిన వేళ మహిళలు పనికి వెళ్లే వేళా, లేక ఇంట్లోవాళ్లు రానివ్వడం లేదా? మూడో కారణమైతే అది భద్రతకు సంబంధించిన విషయం, వెంటనే చూడాలి. ఖాతా పుస్తకం ఇలా ముందుగానే చెబుతుంది, వినేవారుండాలి.

మిగిలిన డబ్బును చివరి నెలల్లో ఊడ్చేయడం మన రంగంలో పాత రోగం. నవంబరు 25 నుంచి డిసెంబరు 10 వరకు జరిగే 16 రోజుల ప్రచారానికి బ్యానర్లు, ర్యాలీలు, టీషర్టులు అంటూ ఖర్చు చూపిస్తారు. ప్రచారం తప్పు కాదు. కానీ వరుసగా జరగాల్సిన సమావేశాల డబ్బు అలా పోతే ఆ మహిళలకు రావాల్సింది రాకుండా పోయినట్టే. అంతకంటే గడువు పొడిగించమని అడగడం నయం.

8. మార్పు కావాలంటే ముందే రాయండి

ఫోన్లో "సరే చేసుకోండి" అన్నది ఆడిట్‌లో చెల్లదు. చిన్న ఈమెయిల్ చాలు:

"‘సదస్సులు’ పద్దు నుంచి 60,000 ‘అత్యవసర సాయం’ పద్దుకు మార్చడానికి అనుమతి కోరుతున్నాం. కారణం: సాయం కోరే మహిళల సంఖ్య అంచనాను మించింది, ఆ పద్దులో రెండు నెలలకు సరిపడా మాత్రమే మిగిలింది. సదస్సులు ఎనిమిది బదులు ఐదు జరుగుతాయి. మొత్తం బడ్జెట్, గడువు మారవు. వచ్చే నెల 10లోగా మీ జవాబు అందితే సాయం ఆగకుండా ఉంటుంది."

ఏం మారుతుంది, ఏం మారదు, ఎందుకు, ఎప్పటిలోగా: ఈ నాలుగూ ఉంటే జవాబు త్వరగా వస్తుంది. గడువు పొడిగింపు అయితే ముగింపుకు కనీసం మూడు నెలల ముందే అడగండి.

9. మన సిబ్బంది మీదే ఫిర్యాదు వస్తే

జరగదని అనుకోవద్దు. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి 2003లో జారీ చేసిన నియమాల ప్రకారం డబ్బు, ఉద్యోగం, వస్తువులు, సేవలు ఎరగా చూపి లైంగిక సంబంధం పెట్టుకోవడం నిషేధం. 18 ఏళ్లలోపు వారితో లైంగిక చర్య నిషేధం, వయసు తెలియదన్న సాకు చెల్లదు. మీ నియమావళిలో ఇంతకంటే తక్కువ ఉండకూడదు.

ఫిర్యాదు వచ్చిన వెంటనే ఆమె భద్రత, వైద్యం చూడండి. తర్వాత ఆరోపణ ఉన్న వ్యక్తిని మహిళలతో కలిసే పని నుంచి తప్పించండి. ఒప్పందంలో ఉన్న గడువులోగా దాత సంస్థకు పేర్లు లేకుండా తెలియజేయండి. విచారణను మీరే తొందరపడి మొదలుపెట్టి, ఆమెను నలుగురి ముందు నాలుగుసార్లు చెప్పించవద్దు. విషయం బయటపడితే గ్రాంటు పోతుందని దాచిన సంస్థలకు, దాచినందుకే నమ్మకం పోతుంది.

ఏడాదంతా ఒక్క ఫిర్యాదూ రాలేదంటే సంతోషించకండి. ఫిర్యాదు దారి మహిళలకు తెలుసా అని వెళ్లి అడగండి.

10. ముగింపును మొదటి రోజే చెప్పండి

ఈ కార్యక్రమం ఎప్పటిదాకా ఉంటుందో మహిళలకు మొదటి సమావేశంలోనే చెప్పాలి. చివరి ఆరు నెలల్లో కొత్త బృందాలు మొదలుపెట్టకండి, ఉన్నవాటిని పూర్తి చేయండి. ఇంకా సాయం పొందుతున్న ఒక్కొక్కరినీ వారి ఇష్టప్రకారం మరో సంస్థకు అప్పగించాలి. కోడ్ పట్టికను ఎప్పుడు నాశనం చేయాలో ఒప్పందంలోని దాచే గడువును బట్టి తేదీ వేయండి. ఫోన్లలో, పెన్‌డ్రైవుల్లో ఉన్న కాపీలను మాత్రం ఆ తేదీ దాకా ఆగకుండా వెంటనే తుడిచేయాలి.

సరిగ్గా నడుస్తోందా? మూడు నెలలకోసారి ఇలా చూడండి

ఒక ఓచరు తీసుకోండి. దాని నుంచి క్యాష్‌బుక్‌కు, బ్యాంకు స్టేట్‌మెంటుకు, బడ్జెట్ పద్దుకు ఎవరినీ అడగకుండా చేరగలిగారా? మధ్యలో ఎక్కడైనా ఆమె పేరు కనిపించిందా? చేరలేకపోతే లెక్క లోపం, కనిపిస్తే భద్రత లోపం.

గత నివేదికలోని ఒక అంకె, ఉదాహరణకు "412 మంది పాల్గొన్నారు", తీసుకుని మూలపత్రాల దాకా వెనక్కి నడవండి. ఐదు సమావేశాలకు వచ్చిన ఒకే మహిళను ఐదుగురిగా లెక్కపెట్టారేమో ఇక్కడే తేలుతుంది. ఈ పొరపాటు దాదాపు ప్రతి సంస్థలోనూ దొరుకుతుంది. తప్పు తేలితే తర్వాతి నివేదికలో సవరించి, సవరించామని రాయండి.

జాబితాలోని ఆశ్రయ గృహానికి సాయంత్రం పనివేళలు దాటాక ఫోన్ చేయండి.

కొత్తగా చేరిన ఫీల్డ్ వర్కరును "ఒక మహిళ ఇప్పుడు వచ్చి ఇంటికి వెళ్లలేనంటే నీ దగ్గర డబ్బుందా, ఎవరి అనుమతి కావాలి, ఎంతసేపు పడుతుంది?" అని అడగండి. ఆమె తడబడితే అత్యవసర సాయం పద్దు మీ కాగితం మీద మాత్రమే ఉందన్నమాట. అనుమతి ఇచ్చే అధికారాన్ని ఫీల్డ్ స్థాయికి దించి, కొంత నగదు ఆమె దగ్గరే ఉండేలా ఆ వారమే ఏర్పాటు చేయండి.